‘పాతదే బాగుంది’ అన్న టికెట్‌ను అలా మూసేయకండి: హైదరాబాద్ ఆఫీసుల ఐటీ హెడ్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, సికింద్రాబాద్ ఆఫీసుల్లో ఐటీ విభాగాలు నడిపే పెద్దలకు నమస్కారం.

నేను డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజినీర్‌ని. ఇంజినీర్ అనేది కార్డు మీద మాట. పని మాత్రం టేబుళ్ల కింద దూరి కేబుళ్లు సర్దడం దగ్గర్నుంచి ఎండీ గారి ల్యాప్‌టాప్‌లో సౌండ్ పెంచడం దాకా ఉంటుంది. రాణిగంజ్ హోల్‌సేల్ ఆఫీసులు, కోఠిలో మందుల డిస్ట్రిబ్యూటర్లు, సోమాజిగూడ ఆడిటర్లు, మాదాపూర్ అద్దాల బిల్డింగులు, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాను. మీ మనుషుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను కాబట్టి, వాళ్లు స్క్రీన్ చూసి ఏమంటున్నారో నా చెవిన పడుతుంది. మీ దాకా వచ్చేసరికి ఆ మాటలు ఇంగ్లిష్‌లో ఒక్క లైన్ టికెట్, అంటే ఐటీ విభాగం నమోదు చేసుకునే ఫిర్యాదు, అయిపోతాయి. మధ్యలో జారిపోయినవి చెబుదామనే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట. కొత్త విండోస్‌కి, అంటే విండోస్ 11కి, మారొద్దని నేను అనడం లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే కంపెనీలు ఒక్కో సిస్టమ్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు కట్టాలి. రెండో ఏడాది దానికి రెట్టింపు, మూడో ఏడాది దానికీ రెట్టింపు, ఆపైన అదీ లేదు. పాత మదర్‌బోర్డుల్లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనీ, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందుదనీ కొన్నిచోట్ల ఏకంగా సిస్టమ్‌లే మార్చాల్సి వచ్చింది. ఇదంతా మీ చేతుల్లో లేదు. ప్యాచ్‌లు రాని సిస్టమ్‌ను నెట్‌కు కలిపి ఉంచితే ఏమవుతుందో మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. నా బాధల్లా మార్చిన పద్ధతి గురించి, మార్చాక వచ్చిన ఫిర్యాదుల్ని మీరు చదివిన తీరు గురించి.

ఒక ఆఫీసులో, పేరు వద్దులెండి, కొత్త విండోస్ వేసిన నెల తాలూకు టికెట్ల రిపోర్టు చూశాను. కారణం అన్న కాలమ్‌లో పై నుంచి కింది దాకా దాదాపు ఒకటే మాట: ‘యూజర్ అవేర్‌నెస్’, అంటే వాడేవాళ్లకు తెలియకపోవడం. కాస్త మర్యాద తక్కువైన చోట ‘రెసిస్టెన్స్ టు చేంజ్’. అందులో ఒక టికెట్ నాకు బాగా తెలుసు, నేను అటెండ్ అయిందే. స్టోర్స్‌లో పనిచేసే పెద్దాయన నన్ను పిలిచి, ‘గిదేంది సారూ, ఫైళ్లన్నీ ఒక్క బొమ్మల జొచ్చినయ్, ఏది ఏదో ఎట్ల తెల్వాలె?’ అన్నారు. రిపోర్టులో అది ‘టాస్క్‌బార్ ఇష్యూ, యూజర్ ఎడ్యుకేటెడ్, క్లోజ్డ్’ అయింది.

ఆయన అన్నది ఏమిటో చూడండి. స్టాక్ రిజిస్టర్ ఒకటి, ఇన్‌వర్డ్ ఒకటి, బ్రాంచీలకు పంపే షీట్లు ఇంకో రెండు, అన్నీ ఎక్సెల్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటాయి. పాత విండోస్‌లో కింద ఉండే టాస్క్‌బార్ పట్టీ మీద ఒక్కో ఫైలూ తన పేరుతో విడిగా కనిపించేది. ఒక్క క్లిక్‌తో కావాల్సింది ముందుకొచ్చేది. విండోస్ 11 వచ్చిన 2021 అక్టోబరు 5 నాటికి అలా విడిగా, పేర్లతో చూపించే సదుపాయమే తీసేశారు. ఎక్సెల్ బొమ్మ ఒక్కటే ఉంటుంది, దాని మీద మౌస్ ఆపితే చిన్న చిన్న కిటికీలు పైకి లేస్తాయి, వాటిలో వెతుక్కోవాలి. షీట్లన్నీ ఒకే ఫార్మాట్‌లో ఉంటే ఆ చిన్న బొమ్మల్లో ఏది ఏదో నాకే తెలియదు. ఒక బ్రాంచి సరుకు ఇంకో బ్రాంచి షీట్‌లో ఎక్కడానికి అదే దారి. అంటే పెద్దాయన చెప్పింది ఫాల్ట్ రిపోర్టే, అదీ మన ఎల్2 (రెండో స్థాయి సపోర్ట్) వాళ్లు రాసే వాటికన్నా స్పష్టంగా.

ప్రపంచమంతటా ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు అదే మాట అన్నారు. చివరికి 2023లో మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయాన్ని తిరిగి ఇచ్చింది. సెట్టింగ్స్‌లో టాస్క్‌బార్ బిహేవియర్స్ కింద ‘నెవర్’ అని పెట్టుకుంటే పేర్లు మళ్లీ విడిగా కనిపిస్తాయి. కానీ అది దానంతటది ఆన్ కాదు. ఇప్పటికీ బొమ్మలన్నీ కలిపే వస్తాయి, ఎవరో ఒకరు వెళ్లి మార్చాలి. మీ ఆఫీసులో ఎంతమందికి మార్చారు? నేను వెళ్లిన చాలా చోట్ల ఆ ఆప్షన్ వెనక్కి వచ్చిందన్న సంగతే ఐటీ టీంకు తెలియదు. మరి ‘అవేర్‌నెస్’ అన్న మాట ఏ పేరు ఎదురుగా రాయాలంటారు?

ఇది మొదటిసారి కూడా కాదు. విండోస్ 8 రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2012 అక్టోబరు 26న విడుదలైంది. డెస్క్‌టాప్ మీద స్టార్ట్ బటన్ లేదు. మూలకు మౌస్ తీసుకెళ్తే గాని ఏమీ కనిపించదు. నొక్కితే స్క్రీన్ నిండా రంగురంగుల పలకలు పరుచుకునేవి, అప్పటిదాకా చేస్తున్న పని వాటి వెనక్కి పోయేది. సిస్టమ్ ఆపాలంటే కుడి పక్క నుంచి వచ్చే పట్టీ తెరిచి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అక్కడ పవర్ నొక్కాలి. సాయంత్రం పూట అది దొరక్క సీపీయూ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఇళ్లకు పోయినవాళ్లను చూశాను. టచ్ స్క్రీన్ల కోసం ఆలోచించిన డిజైన్ అది. మన ఆఫీసుల్లో టచ్ స్క్రీన్ ఎక్కడుంది, ఏటీఎంలో తప్ప! పాత స్టార్ట్ మెనూ తెచ్చిపెట్టే క్లాసిక్ షెల్ అనే ఉచిత ప్రోగ్రాం అప్పట్లో పెన్‌డ్రైవ్‌లలో ఊరంతా తిరిగింది.

అప్పుడూ అలవాటైతే అదే సర్దుకుంటుంది అన్నవాళ్లే ఎక్కువ. ఏడాది తిరక్కుండానే, 2013 అక్టోబరు 17న, 8.1లో బటన్ తిరిగొచ్చింది. నొక్కితే మళ్లీ పలకలే. అసలు మెనూ 2015 జులై 29న విండోస్ 10తో గాని రాలేదు. యూజర్లు అలవాటు పడాల్సింది పోయి కంపెనీయే తగ్గిందన్న మాట. 11లోనూ అదే వరస. ఫైల్‌ని పట్టుకుని లాగి టాస్క్‌బార్ మీదున్న ప్రోగ్రాంలో వదలడం మొదట్లో కుదరలేదు, 2022 అప్‌డేట్‌లో మళ్లీ కుదిరింది. రైట్ క్లిక్ చేస్తే కట్, కాపీ, పేస్ట్ అన్న పేర్లు పోయి పైన చిన్న బొమ్మలు మిగిలాయి. ఏది కత్తిరింపో ఏది నకలో తెలియక తికమకపడ్డవాళ్లు లోకమంతా ఉన్నట్టున్నారు, 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్‌లో ఆ బొమ్మలకు పేర్లు తగిలించారు. డిజైన్ చేసినవాళ్లే ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటుంటే, మన ఆఫీసుల్లో మాత్రం వాటి గురించి అడిగినవాళ్ల పేర్ల పక్కన ‘మార్పును ఇష్టపడరు’ అని రాసుకుంటున్నాం.

స్టార్ట్ బటన్ మధ్యలోకి రావడం గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ కంటికి సంబంధించిన విషయం అనుకుంటారు. ఇది చేతికి సంబంధించింది. ఎడమవైపు కింది మూలకు మౌస్‌ని ఒక్క ఊపు ఊపండి. బాణం అంచుకు తగిలి అక్కడే ఆగుతుంది, ఎంత గట్టిగా లాగినా దాటిపోదు. గురి చూడనక్కర్లేదు, కాగితం మీద నుంచి కళ్లు తిప్పకుండానే నొక్కొచ్చు. ఒక గుర్తును అందుకోవడానికి పట్టే సమయం దాని దూరాన్ని, సైజును బట్టి ఉంటుందని పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు 1954లోనే సూత్రం కట్టాడు. స్క్రీన్లు డిజైన్ చేసేవాళ్లు మొదట చదివే పాఠాల్లో అదొకటి. స్క్రీన్ మూల అంటే ఆ లెక్కలో అన్నిటికన్నా తేలికైన చోటు. 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చినప్పటి నుంచి స్టార్ట్ అక్కడే ఉంది, విండోస్ 8 గొడవ తప్ప.

మధ్యకు వచ్చాక కింది అంచు ఒక్కటే ఆపుతుంది, పక్కలకు ఆపేది ఏదీ లేదు. ఇంకో తిరకాసు ఏమిటంటే బొమ్మలన్నీ మధ్యకు సర్దుకుంటాయి కాబట్టి, కొత్త ప్రోగ్రాం తెరిచినకొద్దీ స్టార్ట్ కొంచెం కొంచెంగా ఎడమకు జరుగుతుంది. పొద్దున ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట. ‘భాయ్, మేరా స్టార్ట్ చల్తా ఫిర్తా క్యూఁ హై’ అని, అంటే నా స్టార్ట్ అటూ ఇటూ ఎందుకు తిరుగుతోందని, బిల్లింగ్ కౌంటర్‌లో ఒకాయన నవ్వుతూ అడిగాడు. జోక్ అనుకుని అందరం నవ్వాం గాని, అతను చూసింది నిజమే. దాన్ని ఎడమకు పెట్టుకునే ఆప్షన్ మొదటి రోజు నుంచీ ఉంది. మీరైతే విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక్క విలువ సున్నా చేసి ఆఫీసు మొత్తానికి ఒకేసారి పంపొచ్చు. వాల్‌పేపర్‌గా కంపెనీ లోగోను అందరికీ తప్పనిసరి చేయగలిగిన పాలసీకి ఇదొక లెక్క కాదు.

ఈ గొడవలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వృథా అయ్యే నిమిషాలు కాదు. పాతికేళ్ల సర్వీసున్న అకౌంట్స్ మేడమ్, ఆడిటర్ల ప్రశ్నలకు కాగితం చూడకుండా జవాబు చెప్పే మనిషి, నిన్నగాక మొన్న చేరిన ట్రైనీని పిలిచి, ‘బాబూ, పాత రైట్ క్లిక్ ఎక్కడ వస్తుందమ్మా’ అని గొంతు తగ్గించి అడగాల్సి రావడం. ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కాలని, లేదంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత జాబితా నేరుగా వస్తుందని ఆ కుర్రాడికీ తెలియదు. వేరే సాఫ్ట్‌వేర్లు చేర్చిన ఆప్షన్లు చాలా వరకు ఆ రెండో జాబితాలోకి వెళ్లిపోయాయి కాబట్టి ఆవిడకు అది రోజూ కావాలి. రెండుసార్లు అడిగాక మూడోసారి అడగడానికి మొహమాటపడతారు. అప్పటి నుంచి టికెట్లు తగ్గుతాయి. మీ డాష్‌బోర్డులో అది ‘యూజర్లు సర్దుకున్నారు’ అని కనిపిస్తుంది. సర్దుకోలేదండీ, అడగడం మానేశారు.

ఇక తేదీల సంగతి. మీలో కొందరు సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి కొత్త విండోస్ సిద్ధంగా ఉంచాలని శని, ఆదివారాలు కష్టపడతారు. మెచ్చుకోవాలి. కానీ ఆ సోమవారం నెలలో ఏ తేదీ అన్నది ఎవరు చూస్తున్నారు? ఏడో తారీఖు టీడీఎస్, నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ. ఒక ఆఫీసులో సరిగ్గా 3బీ ముందు మార్చారు. డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌కు డ్రైవర్ వేయడం ఎవరి చెక్‌లిస్టులోనూ లేదు. టోకెన్ పెడితే సిస్టమ్ గుర్తుపట్టదు, సంతకం లేకపోతే రిటర్ను కదలదు. ఆ రోజు అకౌంట్స్‌లో ఎంత టెన్షన్ పడ్డారో, మధ్యాహ్నం ఎవరి టిఫిన్ బాక్సూ తెరుచుకోలేదు. టికెట్‌లో కారణం? మళ్లీ అదే కాలమ్, అదే మాట.

రాణిగంజ్ వైపు కష్టం వేరు. అక్కడ ఇప్పటికీ కార్బన్ కాపీల బిల్లులు డాట్ మ్యాట్రిక్స్ మీదే కొడతారు. లారీ డ్రైవర్ చేతికి ఒకటి, గోడౌన్‌కి ఒకటి, ఆఫీసుకి ఒకటి. లేజర్ ప్రింటర్ ఆ పని చేయలేదు. విండోస్ 10కి 32 బిట్ వెర్షన్ ఉండేది, 11కి లేదు. 32 బిట్ డ్రైవర్‌తోనే నెట్టుకొస్తున్న పాత ప్రింటర్లు, డాస్ కాలం నాటి 16 బిట్ బిల్లింగ్ ప్రోగ్రాములు ఏవైనా ఉంటే వాటి కథ అక్కడితో సరి. దీనికి డబ్బుతోనో కొత్త సాఫ్ట్‌వేర్‌తోనో పరిష్కారం ఉంది గాని, లారీ గేటు దగ్గర హారన్ కొడుతుండగా వెతుక్కోవాల్సిన పరిష్కారం కాదది.

ఒక్క కమాండ్ గురించి గుర్తుచేస్తాను. ఉన్న సిస్టమ్ మీదే అప్‌గ్రేడ్ చేస్తే, కుదరకపోతే పాతదానికి తిరిగి వెళ్లడానికి 10 రోజులు గడువు ఉంటుంది. అకౌంట్స్ పని నెలకొకసారి తిరిగే చక్రం. ఐదో తారీఖున మార్చితే 20న బయటపడే చిక్కు ఆ గడువు దాటాకే కనిపిస్తుంది. ఆ 10 రోజుల్ని విండోస్‌లోనే ఉండే డిస్మ్ (DISM) అనే టూల్ కమాండ్‌తో 60 దాకా పెంచుకోవచ్చు, గడువు ముగియకముందే చేయాలి, డిస్క్‌లో కాస్త చోటు పోతుంది అంతే. తెలియని ఐటీ హెడ్ ఉండరు. చేసినవాళ్లు మాత్రం నాకు అరుదుగా కనిపించారు.

ముందుగా కొద్దిమందితో పరీక్షించడానికి పైలట్ గ్రూప్ అని మీరు పెట్టుకునేది ఎవరితో? ఐటీ టీం, ఇంకా కొత్తది అంటే ఉత్సాహపడే ఇద్దరు ముగ్గురు డెవలపర్లు. వాళ్లకు అన్నీ బాగానే పనిచేస్తాయి, పనిచేయకపోతే వాళ్లే సరిచేసుకుంటారు. వాళ్లతో పైలట్ పెట్టుకుంటే తేలేదేమిటి? రిసెప్షన్ అమ్మాయిని పెట్టండి, స్టోర్స్ పెద్దాయన్ని పెట్టండి. తెలుగు ఉత్తరాలు, కరపత్రాలు కొట్టే డీటీపీ ఆపరేటర్ ఉంటే తప్పకుండా పెట్టండి. ఆయన యూనికోడ్ కాని పాత ఫాంట్లతో, విడిగా నడిచే కీబోర్డు ప్రోగ్రాంతో టైప్ చేస్తుంటాడు. విండోస్‌లో ఎక్స్‌పీ నాటి నుంచీ గౌతమి ఫాంట్ ఉందని, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉందని ఆయనకు తెలుసు. తెలిసినా వేళ్లకు పట్టిన కీబోర్డు వేరు, ఇన్నేళ్లుగా దాచుకున్న ఫైళ్లు వేరు. చిక్కడపల్లి నుంచి ప్రెస్‌వాళ్లు ఫోన్ చేసి ఫైల్ ఎక్కడ అంటుంటే, కీబోర్డు మార్చుకో అన్నాయన ఐటీవాడని కూడా చూడడు.

అందరూ విసుక్కుంటున్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఫోన్‌తోనే కంప్యూటర్ నేర్చుకున్న పిల్లలకు మధ్యలో ఉన్న బొమ్మలు ఏమాత్రం కొత్తగా లేవు. మ్యాగ్జిమైజ్ బటన్ మీద మౌస్ ఆపితే స్క్రీన్‌ని రెండుగా, నాలుగుగా పంచి ఇచ్చే స్నాప్ లేఅవుట్ చూపించినప్పుడు ఎంఐఎస్ రిపోర్టులు చేసేవాళ్ల మొహాలు వెలిగాయి. పాత ఇన్‌వాయిస్ ఒక పక్క, టాలీ ఒక పక్క. నాకు విండోస్ 11లో అన్నిటికన్నా నచ్చింది అదే. చూపించినవాళ్లు ఉంటే నచ్చుతుంది, అంతే. మీరు పంపిన పీడీఎఫ్‌లో కూడా అది ఉంది, పదకొండో పేజీలోనో ఎక్కడో, ఇంగ్లిష్‌లో. ఆ పీడీఎఫ్ తెరిచినవాళ్లు ఎవరో మెయిల్ సర్వర్‌ని అడిగితే చెబుతుందేమో.

ఆ పీడీఎఫ్ బదులు, మార్చిన వారంలో ఒక్కో సెక్షన్‌కు మాలాంటివాడిని ఒకణ్ని కూర్చోబెట్టండి. టేబుల్ దగ్గరే, వాళ్ల ఫైళ్ల మీదే, వాళ్లు మాట్లాడే తెలుగులోనో ఉర్దూలోనో. స్టార్ట్ ఎడమకు కావాలా మధ్యలోనే ఉండనా, పేర్లు విడిగా కావాలా అని అడిగి వాళ్ల కళ్లముందే మార్చి వెళ్లమనండి. కొందరు మధ్యలోనే ఉండనీ అంటారు, ఉండనివ్వండి.

టికెట్ సాఫ్ట్‌వేర్‌లో కారణాల జాబితాకు ఇంకొకటి చేర్చండి: ‘ఇంతకుముందు కుదిరేది, ఇప్పుడు కుదరడం లేదు’. దాని కింద యూజర్ చెప్పిన మాట చెప్పినట్టే, తెలుగులోనే రాయనివ్వండి. నెలాఖరుకు అవన్నీ ఒకచోట పోసి చదివితే ఏ సెట్టింగ్ అందరికీ పంపాలో, ఏ డ్రైవర్ మరిచిపోయామో అందులోనే కనిపిస్తుంది. మీ చేతిలో లేనివి మిగిలితే తయారుచేసినవాళ్లకు పంపండి. విండోస్ కీ, ఎఫ్ కలిపి నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది. నేను చూసిన చాలా ఆఫీసు సిస్టమ్‌లలో దాన్ని పాలసీతో ఆపేసి ఉంచారు. సరే, యూజర్లందరికీ అక్కర్లేదంటే మీరైనా రాయొచ్చు కదా, లైసెన్సులు రెన్యువల్ చేసే రోజున ఎదురుగా కూర్చునే అకౌంట్ మేనేజర్‌కైనా ఆ జాబితా ఇవ్వొచ్చు కదా. మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ 1998 నుంచి ఈ ఊళ్లోనే ఉంది, ఇప్పుడు గచ్చిబౌలిలో. సీఈవో సత్య నాదెళ్ల మన బేగంపేటలో చదువుకున్నాడని ప్రతి టౌన్‌హాల్‌లో చెప్పుకుంటాం. మన స్టోర్స్ పెద్దాయన అన్న మాట మాత్రం గచ్చిబౌలి దాకా కూడా చేరదు.

వచ్చే రోల్‌అవుట్‌కు మీ క్యాలెండర్‌లో ఏ తేదీ వేసి ఉందో ఒకసారి చూడండి. నెలలో 20 లోపుంటే దయచేసి 21కి జరపండి. ముందురోజు మాకు ఒక మెసేజ్ పెడితే, టోకెన్ డ్రైవర్లూ ప్రింటర్ డ్రైవర్లూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పొద్దున్నే వస్తాం.

ఇట్లు,
మీ ఆఫీసుల చుట్టూ తిరిగే ఒక డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగి,
సికింద్రాబాద్